భీమిలి బ్యాక్టీరియాకు విదేశాల్లో ఏం పని? సముద్ర నమూనాలను దాచడం, పంచడం వెనకున్న చిక్కులు

2007లో శాస్త్రవేత్తల జాబితాలోకి మూడు కొత్త బ్యాక్టీరియా పేర్లు ఎక్కాయి: మారిక్రోమాటియం భీమ్లికం, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, రోడోవులం విశాఖపట్నమెన్స్. మన కోస్తా తీరం నుంచి హైదరాబాద్ పరిశోధకులు వేరు చేసిన ఊదారంగు సూక్ష్మజీవులివి. వెలుతురును వాడుకుని బతుకుతాయి, కానీ మొక్కల్లా ఆక్సిజన్ విడుదల చేయవు. భీమ్లికం దొరికింది సముద్రపు నీటితో నడిచే ఓ ఆక్వా చెరువులో.

ఇప్పుడు ఏ పరిశోధకుడికైనా సరిగ్గా ఆ భీమ్లికమే కావాలంటే భీమిలి వెళ్లి చెరువు నీళ్లు ముంచుకుంటే సరిపోదు. పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన స్ట్రెయిన్, అంటే ఒకే మూలం నుంచి పెంచిన ఆ వంశమే కావాలి. అది కల్చర్ కలెక్షన్లలో, అంటే సూక్ష్మజీవులను పెంచి, బతికించి దాచే భాండాగారాల్లో ఉంటుంది, వాటిలో కనీసం ఒకటి మన దేశం బయటే ఉండాలి. బ్యాక్టీరియా పేర్ల నియమావళిలోని 30వ నియమం అలా అంటుంది: కొత్త జాతి అని ప్రకటించాలంటే దాని బతికున్న కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల్లో, ఎవరు అడిగినా ఇచ్చే రెండు కలెక్షన్లలో జమ చేయాలి. చేయకపోతే ఆ పేరు చెల్లదు.

ఈ మాట వినగానే కొందరికి కోపం వస్తుంది, మన సొత్తు బయటి వాళ్ల ఫ్రీజర్‌లో ఎందుకని. ఇంకొందరు సైన్స్‌కు సరిహద్దులేమిటి, అడిగినవాళ్లందరికీ ఇచ్చేయాలంటారు. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. సముద్ర నమూనాల చరిత్ర చూస్తే నాకు అర్థమైంది ఇది: ఒక్కచోటే దాచిన కల్చర్ ఎక్కువ కాలం నిలవదు, నాలుగు చోట్లకు పంచిందే నిలుస్తుంది. కాకపోతే పంచేటప్పుడు కాగితాలు సరిగ్గా లేకపోతే ఇచ్చిన దేశానికి దక్కేది ఏమీ ఉండదు. ఈ రెండూ ఎందుకు నిజమో తెలియాలంటే ముందు అసలు దాచడం అంటే ఏమిటో చూడాలి.

ఏది దాచాలో ముందే తేల్చుకోవాలి

పడవ మీద వల లాగి, ప్లాంక్టన్‌ను (నీళ్లలో కొట్టుకుపోయే చిన్న జీవులను) సీసాలోకి దింపాక మొదటి ప్రశ్న: అందులో ఏం పోయాలి? ఫార్మలిన్ పోస్తే జీవుల ఆకారం దశాబ్దాలు చెక్కుచెదరకుండా ఉంటుంది, డీఎన్ఏ మాత్రం దెబ్బతింటుంది. ఆల్కహాల్ పోస్తే డీఎన్ఏ బాగుంటుంది కానీ మెత్తటి జీవులు ముడుచుకుపోతాయి, రంగు కరిగిపోతుంది. ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ పులుస్తుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. బోరాక్స్ లాంటిది కలపకపోతే సున్నపు గుల్ల ఉన్న జీవుల గుల్లలన్నీ ఆ ఆమ్లంలో కరిగిపోతాయి. పదేళ్ల తర్వాత సీసా తెరిచినవాళ్లు ఆ నీళ్లలో గుల్లజీవులే లేవనుకుంటారు. నమూనాలు దాచే మరో ద్రావణం లుగాల్ అయోడిన్‌తోనూ ఇదే బాధ. ఇక ఆ క్షణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో తెలుసుకోవాలంటే ఆర్ఎన్ఏ కావాలి. అది నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి నీళ్లు వడగట్టిన వెంటనే ఫిల్టర్‌ను లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాల్సిందే.

అన్నిటినీ దాచగల ద్రావణం ఇంతవరకూ లేదు. పద్ధతిని ఎంచుకోవడమంటే భవిష్యత్తులో ఏ ప్రశ్నలకు జవాబు దొరకాలో, వేటికి దొరక్కపోయినా పర్వాలేదో ఇప్పుడే తేల్చేయడం. అందుకే మంచి నౌకాయాత్రల్లో ఒకే నీటిని ముక్కలు చేసి నాలుగైదు రకాలుగా దాస్తారు. 2009 నుంచి 2013 వరకు తిరిగిన టారా ఓషన్స్ పడవ సుమారు 35,000 నమూనాలు తెచ్చింది. అన్ని రావడానికి తిరిగిన చోట్ల సంఖ్య ఎంత కారణమో ఈ విభజనా అంతే కారణం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నమూనా తెచ్చినవాళ్ల ప్రశ్న ఒకటి, తర్వాత దాన్ని వాడుకునేవాళ్ల ప్రశ్న మరొకటి. 1872 నుంచి 1876 వరకు ప్రపంచం చుట్టిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్ తెచ్చిన నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. అప్పట్లో సముద్రం ఆమ్లీకరణ అనే ఆలోచనే లేదు. 2020లో పరిశోధకులు వాటిలోని ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలను టారా తెచ్చిన గుల్లల పక్కన పెట్టి స్కాన్ చేశారు. కొత్తవి కొన్ని ఏకంగా 76 శాతం దాకా పలచబడ్డాయని తేలింది. పాతది దాచి ఉండకపోతే కొత్తది పలచగా ఉందని అనడానికి ఆధారమే లేదు.

నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించేది కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్. ఆలిస్టర్ హార్డీ రూపొందించిన ఈ యంత్రాన్ని 1931 నుంచి సరుకు ఓడలు, ఫెర్రీలు వెనక కట్టుకుని లాగుతున్నాయి. లోపల పట్టుగుడ్డ చుట్ట మెల్లగా తిరుగుతుంటుంది, నీళ్లలోని ప్లాంక్టన్ దానికి అంటుకుంటుంది, ఫార్మలిన్ తడితో అక్కడే నిలుస్తుంది. చేపల ఆహారం ఎక్కడెక్కడ ఉందో చూడటానికి మొదలుపెట్టిన పని అది. ప్లిమత్‌లో దాచిన ఆ పట్టుగుడ్డలను 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం మళ్లీ తీసి చూస్తే 1960ల నుంచే ప్లాస్టిక్ పోగులు కనిపించాయి, దశాబ్దాలు గడిచేకొద్దీ పెరిగాయి కూడా. ఆ తర్వాత ఇంకో బృందం అవే గుడ్డల నుంచి కష్టపడి డీఎన్ఏ తీసి, ఉత్తర సముద్రం వేడెక్కేకొద్దీ కలరా కుటుంబానికి చెందిన విబ్రియో బ్యాక్టీరియా వాటా ఎలా పెరిగిందో చూపింది. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుందని పైన చెప్పాను, నిజమే. కానీ ఆ ఒక్క దారే ఉంటే ముక్కలైన డీఎన్ఏతోనైనా పని నడిపిస్తారు.

ఈ విషయంలో మన దేశానికి చెప్పుకోదగ్గ అనుభవమే ఉంది. 1959-65 నాటి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో చాలా దేశాల ఓడలు పాల్గొన్నాయి. ఎవరి వల వాళ్లు వేస్తే లెక్కలు పోల్చడం కుదరదని ఒకే కొలత ఉన్న ప్రామాణిక వల తయారుచేశారు. వచ్చిన ప్లాంక్టన్‌ను జాతులవారీగా విడదీసే పని యునెస్కో సాయంతో కొచ్చిలో పెట్టిన ఇండియన్ ఓషన్ బయలాజికల్ సెంటర్‌కు అప్పగించారు. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, అంటే ఎన్ఐఓ పుట్టినప్పుడు ఈ కేంద్రం అందులో కలిసింది. ఒకే వల, విడదీయడానికి ఒకే చోటు, తర్వాత ఏ జీవుల మీద పట్టున్న నిపుణుడికి ఆ జీవులు. మెయిల్, డేటాబేస్ ఏమీ లేని రోజుల్లోనే పంచుకునే పద్ధతి ఇంత తేటగా రాసుకున్నారు. జువాలజీ చదివిన ఎవరికైనా ద్రవం ఆరిపోయి, లేబుల్ సిరా అలుక్కుపోయిన మ్యూజియం సీసాలు గుర్తుండే ఉంటాయి. ఎక్కడ, ఏ తేదీన, ఎంత లోతులో దొరికిందో తెలియని నమూనా సగం చచ్చినట్టే.

బతికున్నవాటి కథ వేరు

చనిపోయిన నమూనా మెల్లగా పాడవుతుంది. బతికున్న కల్చర్‌కు రెండు ప్రమాదాలు: చచ్చిపోవడం, మారిపోవడం. రెండోదాన్ని కనిపెట్టడమే కష్టం.

మొదటిది మన రొయ్య హేచరీల వాళ్లకు బాగా తెలుసు. గుడ్డు నుంచి వచ్చిన తొలి దశ పిల్ల, నాప్లియస్, ఏమీ తినదు. తర్వాతిదైన జోయియా దశకు రాగానే దానికి బతికున్న ఆల్గే (సూక్ష్మమైన నాచు) కావాలి, కీటోసిరోస్, స్కెలిటోనిమా, థలాసియోసిరా లాంటివి. అందుకే విశాఖ నుంచి నెల్లూరు దాకా ఏ హేచరీలోనైనా ఏసీ వేసి, ట్యూబులైట్లు వెలిగించిన ఆల్గే రూమ్ ఒకటి ఉంటుంది. ఫ్లాస్కులో స్టాక్, దాని నుంచి పెద్ద సీసాకు, అక్కణ్నుంచి ట్యాంకుకు. మధ్యలో ప్రోటోజోవా దూరినా, ఏసీ ఆగినా కల్చర్ క్రాష్ అవుతుంది. అటు జోయియా ఆకలితో ఉంటుంది, ఇటు ట్యాంకు తెల్లబడుతుంది, ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. అప్పుడు ఆదుకునేది పక్క హేచరీ ఇచ్చే ఇనాక్యులమే, అంటే కొత్త కల్చర్ మొదలుపెట్టడానికి విత్తనంలా వాడే కాస్త కల్చర్. పంచడం అనేది ఇక్కడ ఉదారత కాదు, బీమా.

ప్రపంచంలోని పెద్ద కలెక్షన్లూ చాలాకాలం ఇలాగే నడిచాయి. రెండు మూడు వారాలకోసారి ప్రతి ట్యూబు నుంచి కొంచెం తీసి కొత్త మీడియంలో, అంటే పోషకాలు కలిపిన నీళ్లలో వేయాలి; సబ్‌కల్చర్ అంటే ఇదే. ఆ మీడియం చాలాసార్లు రాబర్ట్ గిల్లార్డ్ తయారుచేసిన ఎఫ్/2నే. 1962లో వచ్చిన ఎఫ్ మీడియాన్ని సగానికి పలచన చేస్తే ఇదవుతుంది. అదే గిల్లార్డ్ 1958లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ ఉప్పునీటి పాయలో ఓ డయాటమ్‌ను (ఒక రకం ఏకకణ ఆల్గేను) వేరు చేశారు. థలాసియోసిరా సూడోనానా, 3హెచ్ స్ట్రెయిన్. 2004లో జన్యుక్రమం మొత్తం చదివిన మొట్టమొదటి డయాటమ్ అదే. ఇప్పుడు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బిగెలో ప్రయోగశాల కలెక్షన్‌లో సీసీఎంపీ 1335 అనే నంబరుతో దొరుకుతుంది. దాని మీద పనిచేసే ప్రతి ల్యాబ్ 1958 నాటి ఆ ఒక్క కణం సంతతినే పెంచుతోంది. ఒక ల్యాబ్ ఫలితాన్ని మరో ల్యాబ్ సరిచూడగలుగుతోందంటే దానికి ఇదే ఆధారం.

అయితే అన్ని డయాటమ్‌లూ ఇలా లొంగవు. డయాటమ్ కణానికి గాజు లాంటి సిలికా పెంకు ఉంటుంది, సబ్బుపెట్టెలా మూత కొంచెం పెద్దది, అడుగు కొంచెం చిన్నది. కణం రెండుగా చీలినప్పుడు మూతా అడుగూ చెరొకటి పంచుకుంటాయి, ప్రతి పిల్లా తనకు దక్కినదాన్నే మూతగా చేసుకుని లోపల కొత్త అడుగు కట్టుకుంటుంది. అంటే అడుగు దక్కిన పిల్ల తల్లికంటే చిన్నది. తరాలు గడిచేకొద్దీ సగటు సైజు తగ్గుతుంది. ఒక హద్దు దాటాక లైంగిక పునరుత్పత్తి జరిగితే మళ్లీ పెద్ద కణం వస్తుంది, జరగకపోతే ఆ వంశం అంతరిస్తుంది. ట్యూబులో జత దొరకని డయాటమ్‌లు ఎంత శ్రద్ధగా సబ్‌కల్చర్ చేసినా అలాగే పోతాయి. సూడోనానా లాంటి కొన్ని ఈ సైజు తగ్గే శాపం తప్పించుకున్నాయి. అవే ల్యాబుల్లో ప్రసిద్ధి కావడానికి ఇదీ ఓ కారణమని నా అనుమానం. మనం ఎక్కువగా చదివే జీవులు సముద్రంలో ముఖ్యమైనవి కాకపోవచ్చు, సీసాలో బతకగలిగినవి మాత్రం తప్పకుండా అవే.

రెండో ప్రమాదానికి ఎమిలియానియా హక్స్‌లీయి మంచి ఉదాహరణ. సముద్రంలో ఈ ఆల్గే సున్నపు బిళ్లలు కట్టుకుంటుంది. విస్తారంగా పూసినప్పుడు నీళ్లు పాలరంగులోకి మారడం ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపిస్తుంది. సీసీఎంపీ 1516 అనే ప్రసిద్ధ స్ట్రెయిన్‌ను వేరు చేసినప్పుడు దానికి బిళ్లలున్నాయి. సబ్‌కల్చర్లలో గడుపుతూ దాని సంతతిలో కొన్ని ఆ బిళ్లలు కట్టడం మానేశాయి. సీసాలో శత్రువులు లేరు, మీడియంలో కావాల్సినవన్నీ ఉన్నాయి, కవచం కట్టని కణానికి వచ్చే నష్టమేముంది? లేబుల్ మీద పేరు అదే, లోపలి జీవి వేరు. ఇరవై ఏళ్ల తేడాతో ఇద్దరు ఒకే స్ట్రెయిన్ తెప్పించుకుంటే ఇద్దరి చేతిలో ఉన్నది ఒకటేనని అనుకోవడానికి లేదు.

దీనికి విరుగుడు గడ్డకట్టించడం. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో జీవక్రియ ఆగిపోతుంది, చీలిక ఉండదు, కాబట్టి మార్పూ ఉండదు. కష్టమంతా అక్కడికి చేరడంలోనూ తిరిగి రావడంలోనూ ఉంది. లోపలి నీరు మంచు స్ఫటికాలైతే పొరలు చిరిగిపోతాయి. అందుకే మంచు నుంచి కాపాడే డీఎంఎస్ఓ లేదా మెథనాల్ లాంటిది కలిపి, మొదట నెమ్మదిగా మైనస్ 40 దరిదాపులకు దించి, ఆ తర్వాత నైట్రోజన్‌లో ముంచుతారు. చిన్న గుండ్రటి ఆకుపచ్చ ఆల్గేలు తేలిగ్గా తట్టుకుంటాయి. డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవులు చాలావరకు తట్టుకోవు. పగడాలైతే ఇంకా మొండివి: వీర్యాన్ని గడ్డకట్టించడం కుదిరింది, ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ పగడాల వీర్యాన్ని 2011 నుంచి అలా దాస్తున్నారు కూడా. గుడ్లు, లార్వాలు పెద్దవి, కొవ్వు నిండినవి, వాటి దగ్గరే ఇబ్బంది. కాబట్టి ఇప్పటికీ పెద్ద కలెక్షన్లలో కొన్ని స్ట్రెయిన్లు ట్యాంకుల్లో నిద్రపోతుంటే, మిగతావాటిని మనుషులు ట్యూబు నుంచి ట్యూబుకు మారుస్తూనే ఉంటారు.

ఇంకో చిక్కుంది. చాలా సముద్ర జీవులు ఒంటరిగా బతకవు. ప్రొక్లోరోకాకస్‌నే తీసుకోండి. 1980ల చివర్లో పెన్నీ చిజమ్, సహచరులు గుర్తించేదాకా ప్రపంచానికి తెలియని ఈ బ్యాక్టీరియా భూమ్మీద అత్యధిక సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి. దాన్ని ఏ తోడూ లేకుండా పెంచబోతే నీళ్లలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తట్టుకోలేదు; ఆ విషాన్ని విరిచే ఎంజైమ్ దాని దగ్గర లేదు, పక్కనుండే వేరే బ్యాక్టీరియా ఆ పని చేసిపెడతాయి. అంటే మీరు ఒక స్ట్రెయిన్ అడిగితే, చాలాసార్లు దాని ఇరుగుపొరుగును కూడా కలిపి పంపుతున్నారన్నమాట. ఆ ఇరుగుపొరుగు పేర్లు లేబుల్ మీద ఉండవు. సముద్రంలో ఇంకా విస్తారంగా ఉన్న ఎస్ఏఆర్11 బ్యాక్టీరియా ఉనికి 1990లో డీఎన్ఏ ద్వారా తెలిసింది, ల్యాబులో పెంచడం 2002 దాకా కుదరలేదు. ఒరెగాన్ పరిశోధకులు పోషకాలు దట్టించడం మాని, మామూలు సముద్రపు నీళ్లలోనే కణాలను విపరీతంగా పలచన చేసి పెడితే అప్పుడు పెరిగింది.

ఒక్క ఫ్రీజర్ చాలదు

2023 క్రిస్మస్ సమయంలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ట్యాంకులకు లిక్విడ్ నైట్రోజన్ సరఫరా ఆగిపోయి దశాబ్దాల పరిశోధన నమూనాలు పాడయ్యాయి. అవి వైద్య నమూనాలే అయినా పాఠం అందరిదీ. ధనిక దేశం, పేరున్న సంస్థ, మంచి పరికరాలు ఉండి కూడా అలా జరిగింది.

దీనికి ఎదురుగా ఓ పచ్చటి కణం కథ పెట్టి చూడండి. 1889లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ క్లోరెల్లా వల్గారిస్‌ను శుద్ధంగా వేరు చేశారు. (ఇది మంచినీటి ఆల్గే. సముద్రపుదాని కథలో ఎందుకంటే, ఇంత పాత కల్చర్ సముద్రపువాటిలో లేదు.) ఆ స్ట్రెయిన్ ఎర్న్‌స్ట్ ప్రింగ్‌షైమ్ చేతికి వచ్చింది. ప్రాగ్‌లో పనిచేస్తున్న ఆయన యూదుడు కావడంతో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది, కల్చర్లనూ వెంట తీసుకెళ్లారు. కేంబ్రిడ్జ్‌లో వాటితోనే ఓ కలెక్షన్ ఏర్పడింది, అదే నేడు స్కాట్లండ్‌లోని ఓబన్‌లో ఉన్న సీసీఏపీ. 1953లో రిచర్డ్ స్టార్ కేంబ్రిడ్జ్ నుంచి కొన్ని స్ట్రెయిన్లు అమెరికాకు తెచ్చి ఇండియానాలో కలెక్షన్ పెట్టారు, తర్వాత అది టెక్సస్‌కు మారింది. అదే దశకంలో ప్రింగ్‌షైమ్ జర్మనీలోని గోటింగెన్‌కు తిరిగి వెళ్లి మరొకటి మొదలుపెట్టారు. ఇన్ని ఊళ్లు, ఓ ప్రపంచయుద్ధం దాటుకుని 1889 నాటి ఆ వంశం ఇప్పటికీ బతికే ఉంది. ఎవరూ దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. అడిగినవాళ్లకల్లా ఇచ్చారు.

30వ నియమం వెనక ఉన్న ఇంగితం ఇదే. ఆల్గేకు మాత్రం వృక్షశాస్త్ర నియమావళి వర్తిస్తుంది, అది సరిగ్గా తలకిందులు: అక్కడ బతికి పెరుగుతున్న కల్చర్‌ను పేరుకు ఆధారంగా చూపకూడదు, మారిపోతుంది కాబట్టి. ఎండబెట్టినదో, గడ్డకట్టించి జీవక్రియ ఆపినదో ఉండాలి. ఒక నియమావళికి చావు భయం, మరోదానికి మార్పు భయం. రెండూ సబబైన భయాలే.

పేర్ల గొడవ కాగితాలకే పరిమితం అనుకోకండి. గుల్లచేపల హేచరీల్లో ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుతున్న "తాహితీ ఐసోక్రైసిస్" నిజానికి ఐసోక్రైసిస్ గాల్బానా కాదని 2013లో తేలి, దానికి టైసోక్రైసిస్ లూటియా అని కొత్త పేరు పెట్టారు. మన హేచరీల్లో స్కెలిటోనిమా కోస్టేటం అని పిలిచేదాన్ని కూడా 2000ల మధ్యలో పరీక్షగా చూస్తే ఆ ఒక్క పేరు కింద చాలా జాతులున్నాయని బయటపడింది. పాత కాగితాల్లోని పేరు నమ్మలేకపోయినా, స్ట్రెయిన్ నంబరు రాసి ఉంటే ఇప్పుడైనా తెప్పించి చూసుకోవచ్చు. నంబరు రాయని పేపర్‌ను ఏం చేయగలం?

నీళ్లకు హద్దులు లేవు, చట్టానికి ఉన్నాయి

విశాఖ రేవు నుంచి ఓ పరిశోధన నౌక తూర్పుగా బయల్దేరిందనుకుందాం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా మన ప్రాదేశిక జలాలు. 200 దాకా ప్రత్యేక ఆర్థిక మండలి, అక్కడి జీవవనరుల మీద మనకు సార్వభౌమ హక్కులు ఉన్నాయి. విదేశీ నౌక పరిశోధన చేయాలంటే మన అనుమతి కావాలి, ఆరు నెలల ముందే వివరాలు ఇవ్వాలి. అక్కడా దాటితే బంగాళాఖాతం నడిమధ్యన ఎవరిదీ కాని నీళ్లు కొంతమేర ఉన్నాయి, ఆ తర్వాత మళ్లీ అండమాన్ వైపు మన మండలి మొదలవుతుంది. ఒకే డయాటమ్ ఈ నాలుగు చోట్లా దొరకొచ్చు. ఎక్కడ ముంచారన్నదాన్ని బట్టి దాని మీద వర్తించే చట్టం మారిపోతుంది.

1992 దాకా జీవవనరులు మానవాళి ఉమ్మడి సొత్తు అన్న ధోరణి నడిచింది. ఆచరణలో దాని అర్థం, పరికరాలున్నవాళ్ల సొత్తు అని. బహామాస్ దగ్గర 1989లో తీసిన సముద్రపు అడుగు మట్టిలో సాలినిస్పోరా అనే బ్యాక్టీరియా దొరికింది. కాలిఫోర్నియా పరిశోధకులు దాన్ని పెంచి, 2003లో అందులో క్యాన్సర్ కణాలను చంపే సాలినోస్పోరమైడ్-ఏ ఉందని చెప్పారు. మట్టి తీయడానికీ మందు పరీక్షలకు వెళ్లడానికీ మధ్య పద్నాలుగేళ్లకు పైగా గడిచింది. ఇంత కాలం తర్వాత లాభం వస్తే మట్టి ఇచ్చిన దేశానికి ఏం చేరాలి? ఇలాంటి ప్రశ్నలకు జవాబుగా వచ్చిందే 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం, దాని కింద 2014 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్: ముందస్తు అనుమతి, పరస్పర షరతులు, లాభంలో వాటా.

మన దేశం అంతకుముందే 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా విదేశీయులు మన జీవవనరులను తీసుకోకూడదు. కొత్త జాతి కనుక్కున్నవాళ్లు నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమ చేయాలి. ఇప్పుడు 30వ నియమం దగ్గరికి రండి. విదేశీ కలెక్షన్ కల్చర్‌ను ఎవరికైనా షరతుల్లేకుండా ఇవ్వాలని నియమావళి అంటుంది. మన స్ట్రెయిన్ విదేశీయుడి చేతికి వెళ్లాలంటే అనుమతి ఉండాలని చట్టం అంటుంది. మధ్యలో నలిగేది పేరు పెట్టబోయే మన పరిశోధకుడే. సహజ సంపద కాపాడాలన్న చట్టం, సొంత విద్యార్థి పీహెచ్‌డీ పేపర్‌ను ఆపే స్థాయికి రాకూడదు. కలెక్షన్‌లో జమ చేయడానికి ఒక తేలిక దారి, వాణిజ్యానికి వాడుకుంటే మాత్రం గట్టి కాగితం, ఇలా రెండింటినీ విడదీయడమే సరైనదని నా అభిప్రాయం. కంపెనీకి పేటెంట్ కావాల్సినప్పుడు ఎలాగూ వేరే దారి ఉంది: 1977 నాటి బుడాపెస్ట్ ఒప్పందం ప్రకారం సూక్ష్మజీవిని గుర్తింపు పొందిన సంస్థలో జమ చేస్తే చాలు. మన దగ్గర చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఎంఆర్ అలాంటివి.

యూరప్ ఇంకో పద్ధతి పెట్టుకుంది. 2014 నాటి 511వ నిబంధన ప్రకారం నమూనా వాడేవాళ్లే అది చట్టబద్ధంగా వచ్చిందని చూసుకోవాలి. నమోదైన కలెక్షన్ నుంచి తీసుకుంటే ఆ తనిఖీ జరిగినట్టే లెక్క. జర్మనీలోని సూక్ష్మజీవుల కలెక్షన్ డీఎస్ఎంజెడ్ 2018లో అలా మొదట నమోదైంది. దీంతో కలెక్షన్ల పని సగం మైక్రోబయాలజీ, సగం లాయర్ పని అయింది. ప్రతి ట్యూబు వెనకా ఏ దేశం, ఏ తేదీ, ఏ అనుమతి అన్న దస్త్రం ఉండాలి. నిజం చెప్పాలంటే ఇది భారమే. కానీ తేదీ, చోటు రాసి పెట్టాలన్న పాత శాస్త్ర క్రమశిక్షణను చట్టం ఇప్పుడు బలవంతంగా అలవాటు చేయిస్తోంది.

ఇంతలో అసలు ట్యూబే అవసరం లేని పరిస్థితి వచ్చింది. స్ట్రెయిన్ జన్యుక్రమం ఉచిత డేటాబేస్‌లో ఉంటే, కావాల్సిన జన్యువును ఎక్కడైనా రసాయనికంగా తయారు చేయించుకోవచ్చు. సరిహద్దు దాటింది ఏమీ లేదు, కాబట్టి అనుమతి అడిగేదెవరు? ఈ ప్రశ్న మీద దేశాలు ఏళ్ల తరబడి పోట్లాడాక 2025 ఫిబ్రవరిలో కాలీ ఫండ్ మొదలైంది. జన్యు సమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం లేదా ఆదాయంలో 0.1 శాతం అందులో వేయాలని సూచన. సూచన మాత్రమే, బలవంతం లేదు. అందుకే నాకు పెద్ద ఆశలు లేవు.

నడిసముద్రం సంగతి మాత్రం కొంచెం కుదుటపడుతోంది. 2023 జూన్ 19న ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొందిన బీబీఎన్‌జే ఒప్పందం, అంటే దేశాల పరిధి దాటిన జలాల జీవవైవిధ్య ఒప్పందం, 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. భారత్ 2024 సెప్టెంబరులో సంతకం చేసింది. దీని ప్రకారం నడిసముద్రంలో నమూనా తీయబోయేవాళ్లు ముందుగా తెలియజేయాలి. అప్పుడు ఒక ప్రామాణిక గుర్తింపు సంఖ్య వస్తుంది. నమూనా ఎక్కడికి వెళ్లినా, అందులోంచి జన్యుక్రమం తీసినా, ఆ సంఖ్య వెంట ఉండాలి. నమూనా తీసిన ఏడాదిలోగా అది ఏ భాండాగారంలో ఉందో చెప్పాలి. వాడుకోవడం మొదలుపెట్టిన మూడేళ్లలోగా జనానికి అందుబాటులో ఉన్న చోట పెట్టాలి. కొచ్చిలో కేంద్ర ప్రభుత్వ సముద్ర జీవవనరుల సంస్థ సీఎంఎల్ఆర్ఈ నడుపుతున్న లోతు సముద్ర జీవుల కేంద్రం భవసాగర, గోవాలోని ఎన్ఐఓ లాంటి చోట్ల ఇక ముందు ఈ సంఖ్యలున్న సీసాలు రావాలి, వాటికి అరలు, మనుషులు, కరెంటు బ్యాకప్ కావాలి.

ఆ ఖర్చు ఎవరు పెడతారన్నదే తేలలేదు. పరిశోధన గ్రాంటు మూడేళ్లకు వస్తుంది, కల్చర్‌కు ముగింపు తేదీ ఉండదు. ప్రాజెక్టు అయిపోయాక, ప్రొఫెసర్ రిటైరయ్యాక ఆ ట్యూబులను వారంవారం మార్చే టెక్నీషియన్ జీతం ఏ పద్దులోనూ కనిపించదు. బిగెలో, ఓబన్ లాంటి కలెక్షన్లు ట్యూబుకు ఇంత అని డబ్బు తీసుకుంటాయి గానీ ఖర్చంతా అలా రాదు, ప్రభుత్వ నిధులు కావాల్సిందే. బీబీఎన్‌జే ఒప్పందం పాశ్చాత్య కలెక్షన్లకూ మనలాంటి దేశాల కలెక్షన్లకూ ఈ భారాన్ని ఎలా పంచుతుందో, లాభాల్లో వాటా ఏ లెక్కన వస్తుందో నిర్ణయించాల్సింది సభ్యదేశాల సమావేశం. ఒప్పందం అమల్లోకి వచ్చిన ఏడాదిలోపే, అంటే 2027 జనవరిలోగా, దాని మొదటి సమావేశం జరగాలి.